బాణం మొనకు మేక కాలా, గేదె కాలా?

శ్రీకాకుళం, విజయనగరం మాంసం కొట్లలో మేక కాళ్లు సులువుగానే దొరుకుతాయి. చిక్కంతా అక్కడే: బొచ్చు పోవడానికి మంటలో కాల్చి ఇస్తారు. సెగ తగిలిన ఎముక పెళుసు. పులుసులో ఉడికిందైతే మరీ దండగ, అందులోని జిగురంతా నీళ్లలోకి దిగిపోతుంది. కాల్చకుండా ఇమ్మని ముందే చెప్పాలి.

మేక కాలి గొట్టపు ఎముక గోడ 2-3 మిల్లీమీటర్లే. ఏటవాలుగా నూరితే సూది మొన వస్తుంది గానీ వెడల్పు మొనకు చాలదు. గేదె కాలి ఎముక గోడ మందం. 6 సెంటీమీటర్ల పొడవు, 4 మిల్లీమీటర్ల మందమున్న మొనలు ఒక్కదాంట్లోంచే నాలుగు తీయొచ్చు. దాని ముందువైపు నిలువునా సహజంగానే ఓ గాడి ఉంటుంది. హాక్సా బ్లేడుతో ఆ గాడినే లోతు చేసి, వెనకవైపూ అలాగే కోసి, చీల దిగగొడితే రెండుగా విడుతుంది. గాడి కోయకుండా సుత్తితో బాదితే పగులు మెలిక తిరిగి ముక్క పాడవుతుంది. రాత్రంతా నానబెట్టి తడి ఇసుకరాయి మీద నూరాలి. పొడిగా నూరితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

బిగింపు రెండింటికీ ఒకటే. వెదురు పుల్ల చీల్చి మొన దోపి, గుగ్గిలం, మైనం, బొగ్గుపొడి కరిగించి పూసి, నూలుదారం చుట్టాలి. మైనం తగ్గితే గుగ్గిలం పెళ్లలుగా రాలుతుంది.

రాయికి తగిలితే మేకది పుటుక్కుమంటుంది. గేదెది చాలాసార్లు చివర మాత్రమే నలుగుతుంది, మళ్లీ నూరుకోవచ్చు. ఇదంతా గడ్డిమోపు గురికే సుమా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిజంతువుల వేట నేరం. దుప్పి కొమ్ము ఇంకా గట్టిదే, కానీ ఇంట్లో ఉన్నా కేసే.