మండువా మీద షీటు వేయించిన మూడున్నరేళ్ళకి

అమలాపురం దగ్గర మాది పాత మండువా ఇల్లు. చుట్టూ బంగాళా పెంకు, నడుమ ఆకాశం. వంటిల్లు ఒక పక్క, భోజనాలు చేసే వసారా ఎదురు పక్క. ముసురు పట్టిందంటే కూరగిన్నె మీద పళ్ళెం మూసుకుని జల్లు తప్పించుకుంటూ చుట్టూ తిరిగి వెళ్ళాల్సిందే. 2022 వేసవిలో మండువా పైన ఇనుప ఫ్రేము కట్టించి ట్రాన్స్‌పరెంట్ షీట్లు వేయించాం. కింద గుంట పూడ్పించి, వంటింటి గోడను నడుం ఎత్తుకి కొట్టించి, దాని మీద కడప బండ పరిపించాం. బండకి ఇటు పొయ్యి, అటు భోజనాల బల్ల. పెనం మీది అట్టు నేరుగా కంచంలో పడుతుంది. షీటు మందం, ధర నన్ను అడక్కండి, షాపువాళ్ళే చెప్తారు.

మొదటి ఏడాది అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ వేయించుకోమని చెప్పాను. పగలు లైటు అక్కర్లేదు. శ్రావణంలో నెత్తిమీద నీళ్ళు జారుతుంటే చూస్తూ వేడి దిబ్బరొట్టె తినడం ఎంత బాగుంటుందో! చప్పుడు మాత్రం ఉంటుంది. నెయ్యి అడిగితే మజ్జిగ వస్తుంది. మా అత్తయ్యగారికి అసలే చెవుడు కాబట్టి ఆవిడకి తేడా తెలియలేదు.

ఏప్రిల్ వచ్చాక తెలిసింది. షీటుకీ పెంకుకీ మధ్య తొమ్మిది అంగుళాలు వదిలి వల కొట్టించాం కానీ, మధ్యాహ్నం పన్నెండింటికి బల్ల ముట్టుకుంటే చురుక్కుమంటుంది. కోనసీమలో కొబ్బరాకుకి కొదవేముంది? మా తోటలో మట్టలే అల్లించి షీటు మీద పరిపించాం. ఒక్క పూటలో చల్లబడింది. రూపాయి ఖర్చు లేకుండా పనైపోయిందని ఊరంతా చెప్పుకున్నాను కూడా. ఆ మాట ఇప్పుడు కాస్త మెల్లగా చెబుతున్నాను.

ఎందుకంటే మండువా పెంకు లోపలికి వాలు. షీటు మీద నీళ్ళు పెంకు మీదికి, పెంకు నీళ్ళు చూరు కింద కట్టిన గట్టర్లోకి, ఆ గట్టర్ మొత్తానికి మూడంగుళాల పైపు ఒక్కటి. ఇంటి పైకప్పు మీద పడే వానలో సగం ఆ పైపులోంచే పోవాలి. మూడేళ్ళు పోయింది. 2025లో జూన్ రాగానే దింపాల్సిన మట్టలు దింపలేదు. ఇవాళ, రేపు అంటూ దసరా దాటించాం. అవి కుళ్ళి, ఈనెలూ పొట్టూ జారి గట్టర్లో పేరుకున్నాయి.

అక్టోబరు 28న మొంథా తుఫాను. సాయంత్రానికే కరెంటు లేదు. తొమ్మిదిన్నరకి భోజనాలకి కూర్చున్నాం, ఇన్వర్టర్ మీద ఒక్క బల్బు. పప్పు వడ్డిస్తుంటే నా మెడ మీద చుక్క పడింది. షీటు కారుతోందేమోనని పైకి చూశాను, షీటు బాగానే ఉంది. గట్టర్ అంచు పొడవునా నీళ్ళు లోపలికి పొర్లుతున్నాయి, తెర దింపినట్టు. ఆ గాలిలో పెంకు మీదికి ఎక్కేదెవరు? మా ఆయన నిచ్చెన వేసి కిందనుంచే వెదురు కర్రతో పైపు నోరు పొడిచారు. ఎంత పొడిస్తే అంత గట్టిగా కూరుకుపోయింది.

అసలు కథ ఇది కాదు. మండువా అన్నాక నీళ్ళు పోవడానికి తూము ఉంటుంది. మాకూ ఉండేది. గుంట పూడ్చినప్పుడు అత్తయ్యగారే పట్టుబట్టి మూయించారు. పాములూ పందికొక్కులూ అందులోంచే వస్తాయని ఆవిడ భయం. నాకూ ఆ వాసన పడదు, నేనూ సరేనన్నాను. "ఇంక దాంతో పనేముందమ్మా" అని మేస్త్రి సిమెంటు కొట్టేశాడు. నీళ్ళకి దారి లేదు. రెండున్నర వరకు బకెట్లతో వీధిలోకి తోడిపోశాం. అత్తయ్యగారు బల్ల మీదికెక్కి కాళ్ళు ముడుచుకు కూర్చుని, 1996 నవంబరు 6 రాత్రి ఈ ఇంటి పెంకు ఒక్కటీ మిగల్లేదనీ, ఇదేం తుఫాననీ చెబుతూనే ఉన్నారు. తూము ఊసు మాత్రం ఎత్తలేదు!

తర్వాత గచ్చు పగలగొట్టి తూము తీయించి, నోటికి ఇత్తడి జాలీ పెట్టించాం. నాలుగంగుళాల పైపులు రెండు వేశాం.

ఇంకో సంగతి. పులుసు మరుగుతుంటే వాసన ఇదివరకు ఆకాశంలోకి పోయేది. ఇప్పుడు నాలుగు గదుల్లోనూ పడుకుంటుంది. పులస అయితే ఫరవాలేదు, ఎండుచేప రోజున కష్టం. షీట్లలో ఒకటి పసుపెక్కింది కూడా. ఎండ తట్టుకునే పూత ఒక వైపే ఉంటుందట, బిగించినవాళ్ళు దాన్ని తిరగేశారు.

మీరూ వేయించుకోవాలా అంటే నేను చెప్పలేను. మేం ముగ్గురమే, మా ఆయన పెంకు మీదికి ఎక్కగలరు, నెలకోసారి గట్టర్ తీస్తున్నారు. పిల్లలు దూరాన ఉండి పెద్దవాళ్ళు మాత్రమే ఉండే ఇంట్లో అయితే నేను వద్దంటాను. నాకు మాత్రం మళ్ళీ వసారా చుట్టూ తిరిగి వడ్డించే ఓపిక లేదు. ఈ వేసవికి గ్రీన్ నెట్ కడదామని ఆయన, మట్టలే చల్లనని అత్తయ్యగారు. మట్టలు కప్పితే ఏ తారీఖుకి దింపాలో క్యాలెండర్ మీద రాసిపెట్టమన్నాను, ఇద్దరూ ఇంకా ఏమీ తేల్చలేదు.