పెరటి పిట్టల కోసం 8×42 బైనాక్యులర్

పోయిన వలస కాలంలో 10×50 (పది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు) కొని చేతులు కాల్చుకున్నాను. బరువుకి చెయ్యి వణికితే కొమ్మ మీది పిట్టా వణికేది! ఈసారి 8×42 తీసుకున్నాను. ముందు అద్దం 42 మిల్లీమీటర్లు కాబట్టి తెల్లవారి మసక వెలుతురులోనూ కంటి పైన తెల్ల గీత, రెక్క మీది పట్టీ తేటగా కనబడ్డాయి. ఆకుల్లో తిరిగే చిన్న పిట్టలన్నీ ఒకేలా ఉంటాయి మరి, ఆ గీతే ఆధారం. వలసలో రాత్రంతా ఎగిరొచ్చి పొద్దున్నే పురుగుల కోసం గెంతుతుంటాయి, ఒక్కచోట నిలవవు. చూపు వెడల్పు ఎక్కువుండటం అక్కడే కలిసొచ్చింది. ఫోకస్ చక్రం మాత్రం బిగుతు. తిప్పేలోపు రెండు పిట్టలు తుర్రుమన్నాయి. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి కప్పుల్ని (కన్ను ఆనించే అంచుల్ని) లోపలికి దించి చూడాలి. నాకిది మూడో రోజుకి గానీ తెలియలేదు. మెడ పట్టీ నాసిరకం, మార్చేశాను.