మూడేళ్లు, ఒక హైబ్రిడ్ సైకిల్, మూడు స్ప్రింట్ ట్రయథ్లాన్‌లు

2022 జనవరిలో ఈ హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు రేసు సైకిల్‌కూ కొండదారుల సైకిల్‌కూ మధ్య రకం) కొన్నాను, రూ.29,000 అయింది. అప్పుడు పోటీల ఆలోచనే లేదు. కాజీపేట నుంచి హన్మకొండలో ఆఫీసుకు వెళ్లి రావడానికి తీసుకున్నాను. ఇప్పుడు మీటర్‌లో 7,800 కిలోమీటర్లు దాటింది. మూడు స్ప్రింట్ ట్రయథ్లాన్‌లు చేశాను, మూడూ దీని మీదే. రోడ్ బైక్, అంటే వంపు హ్యాండిల్, సన్న టైర్ల రేసు సైకిల్, లేకుండా పోటీకి వెళ్లొచ్చా అని అడిగేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

స్ప్రింట్ ట్రయథ్లాన్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒకదాని వెంట ఒకటి, గడియారం ఆగదు. ఒలింపిక్స్‌లో చేసే దూరానికి ఇది సరిగ్గా సగం. మా దగ్గర జరిగేది చిన్న పోటీ. ఊళ్లో పరుగెత్తేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు కలిసి పెట్టుకుంటారు, అరవై డెబ్బై మంది వస్తారు. ఈత 25 మీటర్ల కొలనులో, అంటే ఈ గోడ నుంచి ఆ గోడకు 30 సార్లు. సైకిళ్లు ఆనించడానికి టెంటు హౌసు పైపులే స్టాండు. సీటును పైపుకు తగిలించి వేలాడదీయాలి.

సైకిల్ కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో వచ్చే హైబ్రిడ్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి: అల్యూమినియం ఫ్రేము, స్టీలు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునేది), సస్పెన్షన్ లేదు, గేర్లకు ముందు పళ్ల చక్రాలు మూడు, వెనక ఎనిమిది, తీగతో పనిచేసే డిస్క్ బ్రేకులు, 35 మిల్లీమీటర్ల టైర్లు. బరువు 13.5 కిలోలు.

ముందు టైర్ల సంగతి చెప్తాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది అవే.

మొదటి పోటీ కంపెనీ టైర్ల మీదే చేశాను. 20 కిలోమీటర్లకు 52 నిమిషాలు, అంటే గంటకు 23. సన్న టైర్లు వేస్తే వేగం వస్తుందని అందరూ చెప్తే, రెండో ఏడాది 28 మిల్లీమీటర్ల నున్నటి టైర్లు వేయించాను. తేడా మొదటి రోజే తెలిసింది, సైకిల్ జారుతున్నట్టు ముందుకు పోయింది. కానీ మన రోడ్ల పక్కన తుమ్మ చెట్లున్నాయి. కంప కొట్టి ఎడ్లబండి మీదో ట్రాక్టర్ మీదో తీసుకుపోతుంటే ముళ్లు దారి పొడుగునా రాలతాయి. ఆ ఒక్క చలికాలంలో ఏడు పంక్చర్లు. ఏడోది పోటీలోనే పడింది, ఆరో కిలోమీటరు దగ్గర. ట్యూబు మార్చి, చేతి పంపుతో గాలి కొట్టేసరికి పదకొండు నిమిషాలు పోయాయి. రోడ్డు పక్కన కూర్చుని టైరు విప్పుతుంటే, నా కన్నా వెనక ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే దాటిపోవడం చూసి ఏడుపొచ్చింది. అయినా వదల్లేదు, పూర్తి చేశాను.

ఆ తర్వాత 32 మిల్లీమీటర్లవి, లోపల ముల్లు దిగకుండా గట్టి పొర ఉన్నవి వేయించాను. జత రూ.3,200. నా బరువు 62 కిలోలు, గాలి 65 పీఎస్ఐ పెడతాను. ఏడాదిన్నరలో రెండే పంక్చర్లు. మూడో పోటీలో ఈ టైర్ల మీదే 45 నిమిషాల 40 సెకన్లకు వచ్చాను, గంటకు 26 పైచిలుకు. సన్న టైర్లతో సాధన చేసినప్పటి కన్నా ఇది మంచి టైమే. ఆ వేగం కాళ్లది, టైర్లది కాదు. ధర్మసాగర్ రోడ్డు మీదా, హసన్‌పర్తి వైపూ వారానికి మూడు తెల్లవారుజాములు తొక్కిన కాళ్లది.

ట్యూబు వాల్వు గురించి ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను. 28 మిల్లీమీటర్ల టైర్లతో వచ్చిన ట్యూబులకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంది. ఊళ్లో పంక్చర్ షాపు దగ్గర ఆగితే ఆ అన్న చూసి, "ఏంది బిడ్డా, దీనికి నా పైపు పట్టదు" అన్నాడు. మోటారు సైకిల్‌కు ఉండే లావు వాల్వు, అంటే ష్రాడర్, అయితే ఏ షాపులోనైనా పడుతుంది. ప్రెస్టా ఉన్నవాళ్లు చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో పెట్టుకోండి.

ఇక పాడైనవి. కంపెనీ సీటు మెత్తగా ఉంటుంది గానీ గంట తర్వాత కూర్చోలేం. కూర్చునే ఎముకల వెడల్పుకు సరిపోయే ఆడవాళ్ల సీటు రూ.1,400 పెట్టి మార్చాను, సమస్య పోయింది. తిన్నగా ఉండే హ్యాండిల్ వల్ల చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కేవి. చివర్లకు చిన్న కొమ్ములు బిగించాక పట్టు మార్చుకునే వీలు దొరికి తగ్గింది. వెనక చక్రం పుల్లలు 4,000 కిలోమీటర్ల దగ్గర రెండు సార్లు తెగాయి, రెండూ గేర్ల వైపువే. ఆ తర్వాత అన్నీ మార్పించి చక్రం సరిచేయించాను, మళ్లీ తెగలేదు. వానాకాలంలో డిస్క్ బ్రేకులు కీచుమంటాయి. గొలుసు 3,900 కిలోమీటర్లకు మార్చాను. అది ఎప్పుడు మార్చాలో ఇంట్లో స్కేలుతోనే చూడొచ్చు: 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు సాగిందంటే కొత్తది వేసుకోవాలి, లేకపోతే పళ్ల చక్రాలు కూడా అరుగుతాయి. మొరం దుమ్ము ఉండే రోడ్లు కదా, వారానికోసారి గొలుసు తుడిచి నూనె వేస్తాను.

హెల్మెట్ విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. రెండో ఏడాది అక్టోబర్‌లో ధర్మసాగర్ దారిలో రోడ్డు మీద మక్కలు ఆరబోశారు. సగం రోడ్డు వాళ్లది, అంచున రాళ్లు పెట్టారు. ఎదురుగా లారీ వస్తే నేను గింజల మీదికి తిప్పాను. గోలీల మీద చక్రం పెట్టినట్టే, క్షణంలో కింద పడ్డాను. తల రోడ్డుకు తగిలింది, హెల్మెట్ పగిలింది, తలకు ఏమీ కాలేదు. మక్కలు కలియబెడుతున్న పెద్దమ్మ పరుగున వచ్చి, నీళ్లు తాగించి, మోచేతికి పసుపు అద్దింది. "మెల్లగ పోరాదు బిడ్డా" అంది. ఆమె పంట ఆరబెట్టుకోవడానికి వేరే జాగా లేదు, తప్పు నాదే. అప్పటి నుంచి కోతల రోజుల్లో వడ్లు, మక్కలు కనిపిస్తే ఆగి, దిగి, నడిచి దాటుతున్నాను. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ పనికిరాదు, లోపలి ఫోము ఒక్కసారే నలిగి కాపాడుతుంది. మరునాడే కొత్తది కొన్నాను.

పోటీలో కూడా నియమం అదే. ఈత అయ్యి వచ్చాక ముందు హెల్మెట్ పెట్టుకుని బకిల్ బిగించాలి, ఆ తర్వాతే సైకిల్‌ను ముట్టుకోవాలి. తిరిగి వచ్చాక సైకిల్ స్టాండులో పెట్టేదాకా బకిల్ విప్పకూడదు. మొదటిసారి టెన్షన్‌లో మరిచిపోతామని నేను వారం రోజులు ఇంటి ముందు, తడి బట్టలతో, ఇదే సాధన చేశాను. బూట్లకు సాగే లేసులు వేసుకుంటే ముడి వేసే పని ఉండదు. నంబరు బెల్టు కొనుక్కుంటే మంచిది, సైకిల్ మీద నంబరు వీపు వైపు, పరుగులో ముందు వైపు తిప్పుకోవచ్చు.

ఈత గురించి ఎక్కువ లేదు. చిన్నప్పుడు మా బాపు నడుముకు బెండు కట్టి వ్యవసాయ బావిలో దింపాడు, కాబట్టి నీళ్ల భయం లేదు. కానీ తల పైకెత్తి ఈదే అలవాటు పోవడానికి ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు 750 మీటర్లకు 20 నిమిషాలు.

సైకిల్ దిగి పరుగు మొదలుపెట్టినప్పుడు తొడలు మన మాట వినవు. దీనికి ఈ సైకిల్‌లోని తేలిక గేర్లు చాలా పనికొచ్చాయి. చివరి కిలోమీటరు బలం పెట్టకుండా, తేలిక గేరులో కాళ్లు వేగంగా తిప్పుతాను. నెలకు రెండు సార్లు సైకిల్ దిగిన వెంటనే వడ్డేపల్లి చెరువు కట్ట మీద రెండు కిలోమీటర్లు పరుగెత్తుతాను. మొదటి పోటీలో మొదటి కిలోమీటరు నడవాల్సి వచ్చింది, మూడో పోటీలో ఒక్క అడుగు కూడా నడవలేదు.

రోడ్ బైక్‌తో పోలిస్తే ఓడిపోయేది గాలి దగ్గర. వేగం పెరిగే కొద్దీ గాలి అడ్డు చాలా ఎక్కువగా పెరుగుతుంది, ఈ హ్యాండిల్ మీద నిటారుగా కూర్చుంటాం కాబట్టి ఎదురుగాలిలో బాగా తెలుస్తుంది. గంటకు 28 దాటించాలంటే నాకు చాలా కష్టం. మొదటి స్థానాల కోసం వెళ్లేవాళ్లకు ఇది సరిపోదు. ఆఫీసుకూ పోటీకీ ఒకటే సైకిల్ కావాలనుకునేవాళ్లు, మొదటి రెండు మూడు పోటీలు చేయాలనుకునేవాళ్లు నిశ్చింతగా తీసుకోండి. కానీ కొనేటప్పుడే టైర్లకు, సీటుకు, హెల్మెట్‌కు ఇంకో ఏడు వేలు పక్కన పెట్టుకోండి.

పోయిన వారం కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించాను. వెనక టైరు మధ్యలో గీతలు అరిగిపోయాయి, యాసంగి కోతలు మొదలయ్యేలోపు దాన్నీ మార్పిస్తాను.