ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రఫీ పుస్తకాలు కొనే విశాఖ మిత్రులకు హెచ్చరిక

ఫొటోగ్రఫీ పుస్తకాలు తెప్పించి ఇస్తామంటూ ఫోను సందేశాల ద్వారా ఆర్డర్లు తీసుకునే విశాఖ విక్రేత ఒకరి దగ్గర, ప్రకృతి దృశ్యాల నలుపు తెలుపు చిత్రాలకు పేరుపొందిన అమెరికా ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ చిత్రాల సంపుటి కొన్నాను. విదేశీ ముద్రణ, గట్టి అట్ట, సరికొత్త ప్రతి అన్నారు. డబ్బు ముందే కట్టించుకున్నారు. చేతికి వచ్చింది నకిలీ. అసలు పుస్తకాన్ని ఎవరో స్కాన్ చేసి, మళ్లీ అచ్చువేసి, మెరిసే అట్ట తొడిగారు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర, లంబసింగి మంచులో కెమెరాలతో తిరిగే మన కుర్రవాళ్లు ఇలాంటి పుస్తకాల కోసం ఆరా తీస్తున్నారు. వాళ్ల డబ్బు కూడా ఇలా పోకూడదని ఇది రాస్తున్నాను.

నవల నకిలీదైనా కథ చదువుకోవచ్చు. ఛాయాచిత్రాల పుస్తకంలో అచ్చు నాణ్యతే అసలు సరుకు. తోటి ఛాయాచిత్రకారుడు ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి 1940 ప్రాంతంలో ఆడమ్స్ రూపొందించిన జోన్ పద్ధతి, కటిక నలుపు నుంచి స్వచ్ఛమైన తెలుపు వరకు వెలుగును 11 మెట్లుగా విడదీస్తుంది. నీడలో ఉన్న బండ గరుకుతనం ఎంత కనిపించాలో ఆయన షట్టర్ నొక్కకముందే నిర్ణయించుకునేవారు. నాకు వచ్చిన ప్రతిలో నలుపు వైపు మెట్లన్నీ కలిసిపోయి నల్లటి ముద్ద మిగిలింది. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయాన్ని తీసిన ప్రసిద్ధ చిత్రంలో, శ్మశానంలోని తెల్లని శిలువలు సాయంకాలపు ఎండకు వెలుగుతుంటాయి. ఒక్కొక్కటీ విడిగా కనిపించాలి. ఇందులో అవి సున్నపు మరకల్లా ఉన్నాయి. ఆ చిత్రంలో నేర్చుకోవలసినదంతా ఆ కాస్త వెలుగులోనే ఉంది. దాన్ని చెరిపేసి ఆయన పేరుతో అమ్మడం, డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధ కలిగించింది.

నకిలీని పట్టుకోవడానికి చిన్న భూతద్దం చాలు. అచ్చు చిత్రం సన్నని చుక్కలతో ఏర్పడుతుంది. అచ్చయిన పేజీని స్కాన్ చేసి మళ్లీ అచ్చువేస్తే పాత చుక్కల మీద కొత్త చుక్కలు పడి, ఆకాశంలా నున్నగా ఉండవలసిన చోట వంకర గీతలు తేలతాయి. మేలైన నలుపు తెలుపు పుస్తకాలకు నలుపుతో పాటు బూడిద రంగు సిరా కూడా వాడతారు. నీడలకు లోతు వచ్చేది దానివల్లే. నా ప్రతిని మామూలు నాలుగు రంగుల సిరాతో లాగించేశారు. అందుకే మంచుకొండల మీద లేత ఆకుపచ్చ ఛాయ కనిపిస్తోంది.

ముద్రణ వివరాల పేజీ ఉంది కదా అని నమ్మకండి. ఆ పేజీని, ఐఎస్‌బీఎన్ (పుస్తకపు గుర్తింపు సంఖ్య) అంకెలతో సహా, వాళ్లు అలాగే దించేశారు. పుస్తకం పొడవు, వెడల్పు, పేజీల సంఖ్య ప్రచురణకర్త వెబ్‌సైటులో ఇచ్చిన వాటితో సరిపోలాయో లేదో చూడండి. నా ప్రతి అసలు దానికంటే చిన్నది. డబ్బు కట్టేముందు, రెండు పేజీల మీద పరుచుకున్న చిత్రాన్ని పగటి వెలుగులో ఫొటో తీసి పంపమని అడగండి. కుట్టు బైండింగ్ అయితే పేజీలు దాదాపు చదునుగా విచ్చుకుంటాయి. జిగురుతో అతికించిన పుస్తకంలో చిత్రం మధ్యభాగాన్ని ఆ మడత మింగేస్తుంది.

నేను నిలదీస్తే, పాత చిత్రాలకు హక్కులు తీరిపోయాయి అన్నారు. ఆ మాట అలాగే నమ్మకండి. ఆడమ్స్ మరణించింది 1984లో. మన కాపీరైట్ చట్టం ఛాయాచిత్రకారుడు మరణించాక 60 ఏళ్ల వరకు రక్షణ ఇస్తుంది. 1860లలో హిమాలయాలను తీసిన బ్రిటిష్ ఛాయాచిత్రకారుడు శామ్యూల్ బోర్న్ చిత్రాలనైతే ఎవరైనా పునర్ముద్రించవచ్చు. అప్పుడు కూడా అసలు ప్రింట్ల నుంచి వేశారా, పాత పుస్తకపు పేజీల నుంచి దించారా అని అడిగి తీరాలి.

ప్లాస్టిక్ కవరు చింపారు కాబట్టి వాపసు లేదన్నది వారి ఆఖరి మాట. కవరు చింపకుండా లోపలి అచ్చు ఎలా తెలుస్తుంది? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువు రాయకపోతే లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. నాకు బిల్లు ఇవ్వలేదు.

ఇదే డబ్బుతో అట్ట నలిగిన పాత అసలు ప్రతి దొరికితే అదే తీసుకోండి. మన సముద్రపు తేమకు ఆర్ట్ పేపరు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతాయి కాబట్టి ప్రతి పేజీ తిప్పి చూసి కొనండి.

ఇలాంటి ప్రతి ఇప్పటికే చేతికి వచ్చినవారు కవరు తీసేటప్పుడే వీడియో తీయండి, చెల్లింపు రుజువు, సందేశాలు చెరపకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను ఫిర్యాదు చేశాను, మీరూ చేయండి.