ఆండ్రాయిడ్ రూమ్ లైబ్రరీ: డేటాబేస్‌ను తొలగించే చోట ఎలా ఉంది?

ఆండ్రాయిడ్ యాప్‌లు ఫోన్‌లోనే డేటాను దాచుకోవడానికి గూగుల్ 2017లో విడుదల చేసిన రూమ్ లైబ్రరీని, పాల సేకరణ కేంద్రాల కోసం మేము తయారు చేసిన ఫోన్ యాప్‌లో నాలుగేళ్లుగా వాడుతున్నాము. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఇంజిన్‌పై ఆధారపడిన ఈ లైబ్రరీ క్వెరీలను (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాలను) యాప్ తయారయ్యే కంపైల్ దశలోనే సరిచూస్తుంది కాబట్టి, కాలమ్ పేరులో అక్షరం తప్పినా యాప్ బిల్డ్ కాదు. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. నా పేచీ అంతా డేటాబేస్‌ను తొలగించే చోటనే.

ఒక ఏజెంటు లాగౌట్ కాగానే మేము డేటాబేస్ ఫైలును తొలగించి, తరువాత వచ్చినవారికి కొత్తది తెరవాలనుకున్నాము. డిలీట్‌డేటాబేస్ ఫంక్షన్ ప్రతిసారీ ట్రూ అనే జవాబిచ్చింది కనుక ఎవరికీ అనుమానం రాలేదు. అయితే సింగిల్టన్‌లో (యాప్ అంతటికీ ఒక్కటిగా ఉంచే ఆబ్జెక్టులో) ఉన్న పాత కనెక్షన్‌ను మూయడం మేము మరిచిపోయాము. ఆండ్రాయిడ్‌కు పునాది అయిన లినక్స్‌లో తెరిచి ఉన్న ఫైలును తొలగిస్తే డైరెక్టరీలోంచి దాని పేరు మాత్రమే పోతుంది, దాన్ని తెరిచి ఉంచిన ఆఖరి హ్యాండిల్ మూసుకునేవరకు లోపలి డేటా అలాగే ఉంటుంది. అందువల్ల ఉదయం పోసిన పాల లీటర్లు, వెన్న శాతం తెరపై చక్కగా కనిపించాయి, సాయంత్రం ఫోన్ ఆపి మళ్లీ వేసేసరికి ఒక్క వరుస కూడా మిగలలేదు.

ఈ తప్పును పట్టించినవి చవక ఫోన్లు. ర్యామ్ తక్కువని సిస్టమ్ గుర్తించిన ఫోన్లలో రూమ్, మార్పులను ముందు వేరే లాగ్ ఫైలులో రాసే వాల్ పద్ధతిని ఎంచుకోకుండా, మార్చబోయే పాత డేటాను ముందు పక్కన దాచుకునే పాత జర్నల్ పద్ధతినే వాడుతుంది. ఆ పద్ధతిలో రాయబోయే ముందు ఎస్‌క్యూలైట్ ఫైలు తన చోట లేదని గమనించి 1032 ఎర్రర్ ఇచ్చింది. ఖరీదైన ఫోన్లలో వాల్ పద్ధతి కిమ్మనకుండా రాసుకుపోయింది.

ఇప్పుడు మేము ముందుగా వర్క్‌మేనేజర్ నడిపే నేపథ్య పనులను రద్దు చేసి, అవి నిజంగా ఆగేవరకు వేచి ఉండి, సర్వర్‌కు చేరని వరుసలు లేవని చూసుకుని, కనెక్షన్‌ను మూసే క్లోజ్ ఫంక్షన్‌ను పిలిచి, సింగిల్టన్‌ను ఖాళీ చేసిన తరువాతే ఫైలును తొలగిస్తున్నాము. ఈ వరుసక్రమాన్నంతా ఒకే ఫంక్షన్‌గా లైబ్రరీయే ఇచ్చి ఉండవలసింది.

తొలగింపు మనం అడగకుండానే జరిగే చోట్లు కూడా ఉన్నాయి. ఫైలు పాడైందని ఎస్‌క్యూలైట్ చెబితే ఆండ్రాయిడ్ డిఫాల్ట్‌గా ఆ ఫైలునే తీసివేస్తుంది. ఫాల్‌బ్యాక్‌టుడిస్ట్రక్టివ్‌మైగ్రేషన్ అనే సెట్టింగ్ పెట్టుకుంటే, పాత డేటాబేస్‌ను కొత్త రూపానికి మార్చే మైగ్రేషన్ దారి దొరకనప్పుడు పట్టికలన్నీ ఊడ్చుకుపోతాయి. పేరులోనే విధ్వంసం ఉన్నా, గడువు ముంచుకొచ్చిన రాత్రి దాన్ని అతికించని డెవలపర్ అరుదు. పంపని రికార్డులున్న యాప్‌లో దానికి చోటు ఉండకూడదు.

ఫైలును ముట్టకుండా క్లియర్‌ఆల్‌టేబుల్స్ పిలవడం చాలా సందర్భాల్లో మేలు, ఎందుకంటే వరుసలు పోతాయి కానీ కనెక్షన్ చెల్లుబాటులోనే ఉంటుంది. దీన్ని తెరను నడిపే మెయిన్ థ్రెడ్‌పై పిలవకూడదు. ప్రతి వరుసకు తానే సంఖ్య వేసే ఆటోజెనరేట్ కీ మాత్రం మళ్లీ 1 నుంచి మొదలు కాదు: ఖాళీ చేసిన ఫోన్‌లో తొలి రసీదుపై 214 అని పడితే, మిగతా 213 ఎక్కడని ఒక ఏజెంటు ఫోన్ చేసి నిలదీశారు. ఆ తరువాత రసీదు సంఖ్యను ఆ ప్రైమరీ కీ నుంచి విడదీసి వేరే కాలమ్‌లో పెట్టాము.