రాగ్లన్ నుంచి పొవిస్ దాకా: వేల్స్ జీవితచరిత్రల నిఘంటువుతో నా నాలుగేళ్లు

మాది కడప. 1800లో నిజాం మా సీమను కుంపిణీకి వదిలేసినప్పుడు మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్. ఆయన భార్య హెన్రియెటా వేల్స్‌లోని పొవిస్ కోట హెర్బర్ట్‌ల ఆడపడుచు. ఆ ఏడే ఆవిడ కూతుళ్లిద్దరినీ వెంటబెట్టుకుని మద్రాసు నుంచి మైసూరు దాకా ప్రయాణం చేసిందని చదివాక, ఆ ఇంటి వంశం కనుక్కోవాలనిపించింది.

మొదట డబ్బు కట్టి ఒక వంశవృక్షాల సైట్లో చేరాను. హెర్బర్ట్ అనే పేరు పట్టుకుని పైకి ఎక్కుతూ పోతే, ఎవరో నార్మన్ జాతి హెర్బర్ట్ దగ్గర తేలాను. ఆరు నెలలు వృథా.

ఆ తర్వాతే వేల్స్ జాతీయ గ్రంథాలయంవారి ఈ నిఘంటువు దొరికింది. ఆన్‌లైన్‌లో ఉచితం, వెల్ష్‌లోనూ ఇంగ్లీషులోనూ చదవొచ్చు. నాకు బాగా అక్కరకొచ్చింది ఒకటుంది: పెద్ద కుటుంబాలకు వంశం మొత్తం కలిపి ఒకే వ్యాసం ఉంటుంది. అది చదివాకే నా పొరపాటు తెలిసింది. 1468లో పెంబ్రోక్ ఎర్ల్ (ఎర్ల్ అంటే ఒక ప్రభువుల బిరుదు) అయిన విలియం హెర్బర్ట్ తండ్రి, వేల్స్‌లోని రాగ్లన్ కోట యజమాని, పేరు విలియం ఆప్ థామస్, అంటే థామస్ కొడుకు విలియం. ఆయనకు ఇంటిపేరే లేదు! హెర్బర్ట్ అన్నది కొడుకు పెట్టుకున్న పేరు. తల్లి గ్లాడిస్, 1415లో అజాంకూర్ యుద్ధంలో చనిపోయిన దావిద్ గామ్ కూతురు. ఆమె మొదటి భర్త పిల్లల ఇంటిపేరు వాన్. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లకే రెండు ఇంటిపేర్లు. అందుకే వేల్స్‌లో ఇంటిపేరు వెంట పడకూడదు; తండ్రి పేరు, ఊరు పట్టుకోవాలి.

ఇది పేరున్నవాళ్ల నిఘంటువు మాత్రమే. మామూలు రైతుల వివరాలు కావాలంటే అదే గ్రంథాలయం ఉచితంగా పెట్టిన 1858కి ముందరి వీలునామాలు చూడాలి. ఆడవాళ్ల సంగతులు చాలావరకు తండ్రి వ్యాసంలోనో భర్త వ్యాసంలోనో ఉంటాయి కాబట్టి అక్కడా వెతుక్కోవాలి.

నాకు ఎక్కువ సంతోషమిచ్చింది హెన్రియెటా అమ్మానాన్నల లంకె. 1469లో ఎడ్జ్‌కోట్ యుద్ధం తర్వాత పెంబ్రోక్ ఎర్ల్‌కూ, ఆయన తమ్ముడు కోల్డ్‌బ్రూక్ రిచర్డ్‌కూ తలలు తీశారు. అన్నకు పెళ్లికాకుండా పుట్టిన కొడుకు సంతతివాడే 1587లో పొవిస్ కోట కొన్న ఎడ్వర్డ్. హెన్రియెటా తల్లి బార్బరాది ఆ శాఖ, తండ్రిది తమ్ముడి శాఖ. 1751లో వాళ్ల పెళ్లితో రెండూ కలిశాయి. కాగితం మీద ఆ రెండు గీతలూ కలిపిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హెన్రియెటా అన్న 1801లో పెళ్లి కాకుండానే పోయాడు. 1804లో క్లైవ్‌కు పొవిస్ ఎర్ల్ బిరుదిచ్చారు. 1807లో వాళ్ల పెద్దబ్బాయి క్లైవ్ పేరు వదిలి తల్లి పుట్టింటి పేరు తీసుకున్నాడు. ఇప్పుడు అదే గ్రంథాలయంలో ఉన్న పొవిస్ ఎస్టేటు దస్తావేజుల జాబితా చదువుతున్నాను.