కళ్లు మూసుకుంటే చీకటే కనపడేవాళ్లకి ఈ జ్ఞాపకశక్తి కోర్సు పనికొస్తుందా?

ఆరు వారాల ఆన్‌లైన్ జ్ఞాపకశక్తి కోర్సు పోయిన నెలలో పూర్తి చేశాను. ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అడగనందుకు రెండు కోసేశాను.

గుర్తుంచుకోవాల్సిన మాటల్ని ఇంట్లో ఒక్కోచోట బొమ్మలుగా ఉంచుకుంటూ పోవడం ఇందులో నేర్పే పద్ధతి. రెండో పాఠంలోనే ఇరుక్కుపోయాను. "కళ్లు మూసుకోండి. మీ గుమ్మం ముందు ఎర్ర ఏనుగు నిలబడి ఉంది. దాని చెవులు చూడండి" అన్నారు టీచర్. నాకు చీకటి తప్ప ఏమీ లేదు. ఏనుగు తెలుసు, ఎరుపు తెలుసు, గుమ్మం తెలుసు, బొమ్మే రాదు. ఇన్నేళ్లూ ఊహించుకోమంటే దాని గురించి ఆలోచించమని అర్థం అనుకున్నాను. మెయిల్ పెడితే "ప్రాక్టీస్ చేయండి, అందరికీ వస్తుంది" అన్నారు. రెండు వారాలు రోజూ అరగంట కూర్చున్నాను. టెన్షన్ మాత్రం బాగా వచ్చింది.

అందరికీ రాదు. ఇలా మనసులో బొమ్మలు రాకపోవడాన్ని అఫాంటాసియా అంటారు. ఆడమ్ జీమన్ అనే న్యూరాలజిస్టు, ఆయన సహచరులు 2015లో ఆ పేరు పెట్టారు. విషయం పాతదే. 1880లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త, పొద్దున టిఫిన్ తిన్న బల్లని మనసులో చూడమంటే కొందరు ఏమీ కనపడట్లేదన్నారు. డేవిడ్ మార్క్స్ అనే సైకాలజిస్టు 1973లో తయారుచేసిన 16 ప్రశ్నలు ఇప్పటికీ వాడుతున్నారు: తరచూ చూసే మనిషి, ఉదయిస్తున్న సూర్యుడు, ఒక దుకాణం, కొండలూ చెట్లూ సరస్సూ. ఎంత స్పష్టంగా కనపడుతుందో 1 (ఏమీ కనపడదు) నుంచి 5 (ఎదురుగా చూస్తున్నంత స్పష్టం) వరకు మార్కులు వేసుకోవాలి. అక్కా నేనూ పక్కపక్కన కూర్చుని వేసుకున్నాం. నాకు 16, తనకి 74.

"అమ్మ మొహం కూడా కనపడదా నీకు?" అంది అక్క.

"కనపడదక్కా."

అమ్మ చదువుతుంటే కళ్లజోడు ముక్కు చివరికి జారేది, మణికట్టుతో పైకి తోసుకునేది. అది నాకు తెలుసు. అక్కకి ఆ చెయ్యి కదలడం కనపడుతుందట, అద్దం మీద మరకతో సహా. అమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కానీ ఆ కళ్లజోడు ఫ్రేము నలుపని అక్క, గోధుమరంగని నేను. ఫొటో తీసి చూస్తే గోధుమరంగే. దాన్ని కొన్నరోజు అమ్మతో వెళ్లింది నేను, రంగు గురించి మేం మాట్లాడుకున్న మాటలు నాకు గుర్తున్నాయి. విల్మా బెయిన్‌బ్రిడ్జ్ అనే సైకాలజిస్టు బృందం 2021లో ప్రచురించిన పరిశోధనలో, ఫొటోల్లో చూసిన గదుల్ని గుర్తుతెచ్చుకుని గీయమంటే అఫాంటాసియా ఉన్నవాళ్లు తక్కువ వస్తువులు, తక్కువ రంగులు గీశారు. ఏది ఎక్కడుందో మాత్రం మిగతావాళ్లంత కచ్చితంగా పెట్టారు, లేనివి చేర్చడం కూడా తక్కువే.

అది చదివాక నాలుగో వారం నుంచి ఏనుగుల్ని వదిలేశాను. తలుపు తీస్తే ఎడమచేతికి స్విచ్, రెండడుగులకి మెట్టు, కుడివైపు తిరిగితే అలమార. చూడ్డానికి ప్రయత్నించకుండా, చీకట్లో ఇంట్లో నడిచినట్టు ఒక్కోచోట ఒక్కో మాట ఉంచుతూ వెళ్లాను. 20 మాటల్లో 17 వరసగా చెప్పాను. మొదటి వారం ఆరే వచ్చాయి. అంటే పద్ధతి నిజంగా మంచిదే, నేర్పేవాళ్లకి మాత్రం అందరి మనసూ తమ మనసులాగే ఉంటుందన్న నమ్మకం.

ఆ 16 ప్రశ్నలు మొదటి పాఠానికి ముందే పెట్టమని మళ్లీ రాశాను. జవాబు రాలేదు. మీకూ బొమ్మలు రాకపోతే కోర్సు తీసుకోండి, రెండో పాఠం దాటేసి నేరుగా మూడోదానికి వెళ్లండి.